అనసూయకు చెప్పని కబురు

పదేళ్లు దాటిపోయింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలాకాలం దాన్ని అబద్ధం అని కూడా అనుకోలేదు. శిబిరం నియమం అనుకున్నాను. ధర్మసేవ అనుకున్నాను. ఒక్కోసారి, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కరుణ అని కూడా అనుకున్నాను. బుద్ధుడి బోధలు, నాలుగు సుత్తాలు చదివినవాడికి తన తప్పుకు మంచి పేరు పెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఎరిగినవాళ్లు గద్వాలలో ఎదురుపడితే చేతులు జోడించి, బాగున్నరా సారూ అని పలకరిస్తారు. ఆ పలకరింపుకు తల వంచుకుని బదులు చెబుతాను. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను. నా పేరు అసలే రాయడం లేదు. అది పిరికితనమే, ఒప్పుకుంటాను.

మాది మగ్గాల ఇల్లు. నేను మాత్రం మగ్గం గుంటలో కాలు పెట్టకుండా చదువుకుని, జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చరిత్ర చెబుతూ చెబుతూ బుద్ధుడి దగ్గర ఆగిపోయాను. నాగర్‌కర్నూల్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. సొంతంగా పాళీ నేర్చుకుని, బుద్ధుడి మాటలు మామూలు తెలుగులో విడమరిచి చెప్పేవారు. మేమంతా ఆయన్ని గురువుగారు అనేవాళ్లం. ఆదివారాలు వనపర్తిలో ఒక విత్తనాల దుకాణం పైగదిలో కలిసేవాళ్లం. ముందు పంచశీల చెప్పుకోవడం, తర్వాత ఒక సుత్తం చదువుకోవడం, చివర్లో కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవడం. నలుగురైదుగురు టీచర్లు, ఒక వకీలు, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు. అందరం మగవాళ్లమే, అందరం జీతం రాళ్లు చూసినవాళ్లమే. నెల జీతాలవాళ్లు పొద్దుపోక పెట్టుకున్న బౌద్ధం అని ఊళ్లో నవ్వేవాళ్లు. ఆ నవ్వులో నిజం ఉంది కాబట్టే నాకు అంత మండేది.

అలాంటప్పుడు వచ్చింది అనసూయ. మా వీధి చివర మగ్గం నేసుకునే మనిషి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, నాగర్‌కర్నూల్ దగ్గర హాస్టల్లో ఉండి చదువుకునేది. అనసూయ తల్లిగారిది మల్దకల్. అక్కడ తల్లి, అన్న తిమ్మప్ప, వదిన ఉండేవాళ్లు. నన్ను కూడా అన్నా అనే పిలిచేది. ఒకరోజు, నేను కూడా వచ్చి కూర్చోవచ్చా అని అడిగింది. రమ్మన్నాను. ఆదివారం మగ్గం ఆపి, నాతోపాటు బస్సెక్కి వనపర్తికి వచ్చేది. చెప్పింది వినేది, కళ్లు మూసుకుని కూర్చునేది, మళ్లీ బస్సెక్కేది. ఆమెకు ధ్యానం ఎంతవరకు కుదిరిందో నాకు తెలియదు, అది చెప్పే అర్హత కూడా నాకు లేదు. ఆమెను చూసి నాకు కలిగిన గర్వం మాత్రం బాగా తెలుసు. ఎక్కడ నలుగురు కలిసినా ఆమె మాట ఎత్తేవాణ్ని. మా దగ్గర మగ్గం నేసే ఆడమనిషి కూడా కూర్చుంటుంది అని చెప్పుకునేవాణ్ని. నవ్వినవాళ్ల నోరు మూయించడానికి నాకు దొరికిన మనిషి ఆమె.

తిమ్మప్పకు ఇదంతా నచ్చేది కాదు. మల్దకల్ దేవుణ్ని గట్టిగా నమ్మిన మనిషి. ఇంటి దేవుణ్ని వదిలి ఎక్కడికి పోతున్నావని చెల్లెల్ని అడిగేవాడట. అయినా అడ్డం పడలేదు. సారు ఉన్నాడు కదా అన్నాడట.

ఆ ఏడు ఎండాకాలంలో పది రోజుల మౌన శిబిరం పెట్టాం. పెబ్బేరు దాటాక ఒక రైతు తన వేరుశనగ గోదాము ఖాళీ చేసి ఇచ్చాడు. గురువుగారు నేర్పుతారు, వంట ఇద్దరు చూసుకుంటారు, మిగతా ఏర్పాట్లన్నీ నావి. కూర్చునేవాళ్లు పది రోజులు ఎవరితోనూ మాట్లాడకూడదు, బయటి లోకంతో సంబంధం ఉండకూడదు. వాళ్ల ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంటివాళ్లకు ఇచ్చింది నా నంబరు ఒక్కటే. ఏదైనా కబురొస్తే నేను గురువుగారికి చెప్పాలి, చెప్పాలా వద్దా అనేది ఆయన చూస్తారు. చావుబతుకుల మాటైతే మాత్రం ఆ మనిషిని అప్పటికప్పుడు పంపించెయ్యాలి. ఇది ఆయన మొదటి రోజే అందరి ముందూ చెప్పారు. నియమం తెలియక చేశానని మీరు అనుకోకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఆడవాళ్లలో ఇద్దరు మధ్యలోనే వెళ్లిపోయారు. ఒకామెకు మోకాళ్లు పట్టేశాయి. ఇంకొకామె సంగతి చెబితే మీరూ నవ్వుతారు. పెబ్బేరు సంతకు తోలుకుపోయే పశువుల అరుపులు గోదాములోకి వినపడితే, ఇంటి దగ్గర వదిలొచ్చిన బర్రె గుర్తొచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని మూట కట్టుకుంది. మేమూ నవ్వుకున్నాం. ఆ సాయంత్రం గురువుగారు, మన దగ్గర ఇంత పెద్ద శిబిరం తొందరైందేమో, ఆడవాళ్లకు ముందు ఒక్క పూట శిబిరాలు పెట్టి ఉండాల్సిందేమో అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. పది రోజులు పెడదామని పట్టుబట్టింది నేను. పైగా చివరి రోజు హైదరాబాదు నుంచి కొందరు పెద్దలు వస్తున్నారు. వాళ్లకు నచ్చితే ఇక్కడ ఒక ధ్యాన కేంద్రం కట్టడానికి సాయం చేస్తారని ఆశ. వాళ్ల ముందు అనసూయ నాలుగు మాటలు మాట్లాడితే బాగుంటుందని మనసులో అనుకుని పెట్టుకున్నాను. ఆమెకు ఆ సంగతే తెలియదు.

ఇంకో రెండు రోజుల్లో శిబిరం అయిపోతుందనగా, మధ్యాహ్నం భోజనాలకు ముందు నా ఫోన్ మోగింది.

"సారూ, నేను తిమ్మప్పను. అనసూయ అన్నను. అమ్మను గద్వాల దవాఖానల ఏసినం. దమ్ము ఆడుతలేదు. జర చెల్లెను తోలియ్యి సారూ."

వాళ్లమ్మకు దమ్ము, అదే ఉబ్బసం, ఉందని నాకు తెలుసు. చలికాలం వస్తే దవాఖానలో పడటం, నాలుగు రోజులకు లేచి ఇంటికి రావడం మామూలే. డాక్టర్లు ఏమంటున్నారని అడిగాను.

"చూస్తం అంటుండ్రు. అమ్మ కండ్లు తెరిసినప్పుడల్లా అనసూయ వచ్చెనా, అనసూయ వచ్చెనా అంటున్నది. నేను ఈడ ఒక్కన్నే ఉన్న. ఇడిసిపెట్టి రానీకి లేదు."

చెబుతానన్నాను. కాసేపాగి మళ్లీ చేస్తానన్నాడు.

గోదాము తలుపు దాకా నడిచాను. సందులోంచి చూశాను. అనసూయ గోడకు దగ్గరగా, కొంగు భుజం మీదుగా కప్పుకుని, కదలకుండా కూర్చుని ఉంది. గురువుగారు ఎదురుగా గద్దె మీద ఉన్నారు. రెండడుగులు వేసి ఆయన చెవిలో చెబితే అయిపోయేది. ఆమెను గద్వాల బస్సెక్కించడం ఎంతసేపు? నేను చెప్పులు కూడా విడిచాను. మళ్లీ తొడుక్కున్నాను. ఆ కొంచెంసేపట్లో నాలో ఏం నడిచిందో ఇన్నేళ్లు తవ్వి తవ్వి చూశాను. ఎన్నిసార్లు దవాఖాన నుంచి తిరిగి రాలేదు ఆ ముసలామె, ఈసారి మాత్రం రాదా అనుకున్నాను. ఇంత లోతుకు పోయిన మనిషిని ఇప్పుడు లేపడం పాపం అనుకున్నాను. ఇవన్నీ అనుకున్న మాట నిజమే. కానీ వీటన్నిటి కింద ఇంకోటి ఉంది. ఈమె కూడా పోతే నా శిబిరం ఏమవుతుంది? మూడో మనిషి కూడా పోయిందని ఊళ్లో అంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఒక తల్లి ప్రాణం ఒకవైపు, నా ముఖం ఒకవైపు. నేను నా ముఖం వైపు తిరిగాను.

మళ్లీ ఫోన్ మోగింది. చెప్పినవా సారూ అన్నాడు.

"చెప్పిన. శిబిరం అయినంక వస్తనన్నది" అన్నాను.

తిమ్మప్ప మళ్లీ అడిగాడు.

"అమ్మ అడుగుతున్నదని చెప్పినవా?"

"చెప్పిన."

"సరే సారూ" అని పెట్టేశాడు.

చెప్పలేదని అనొచ్చు కదా? గురువుగారు ఒప్పుకోలేదని అయినా అనొచ్చు కదా? అలా అని ఉంటే అతను నాతో కొట్లాడేవాడు, ఎవరినో బతిమాలి బండి మీద పంపేవాడు, ఎలాగో ఆమె తల్లి దగ్గరకు చేరేది. నేను అడగని ప్రశ్నకు ఆమె తరఫున జవాబు చెప్పాను. తిమ్మప్ప నన్ను ఎందుకు అనుమానిస్తాడు? నేను సారును. పైగా అబద్ధమాడనని వారం వారం చెప్పుకునే గుంపులో మనిషిని.

మర్నాడు తెల్లవారకముందే ఆ తల్లి పోయింది. తిమ్మప్ప నాకు ఫోన్ చేయలేదు. రానన్న చెల్లెలికి చావు కబురు మాత్రం ఎందుకు పంపుతాడు? కానీ నాకు అప్పుడు ఆ సంగతి తెలియదు. ఫోన్ రాలేదు కాబట్టి ముసలామె కోలుకుందని నాకు నేను చెప్పుకున్నాను. తిమ్మప్ప నంబరు నా ఫోన్‌లోనే ఉంది. నేనైనా చేసి కనుక్కోవచ్చు. చేయలేదు. కనుక్కుంటే తెలుస్తుందని భయం.

చివరి రోజు హైదరాబాదు పెద్దలు వచ్చారు. అనసూయ లేచి నిలబడి, కొంగు చేతిలో నలుపుకుంటూ మాట్లాడింది. తనకు ఇప్పుడు మనసు తేలికగా ఉందని, ఎవరి మీదా కోపం లేదని, ఇంటికి పోగానే అమ్మను కూర్చోబెట్టి ఇదంతా చెబుతానని అంది. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమెతో ఫోటో దిగారు. నేనూ ఆ ఫోటోలో ఉన్నాను. అప్పటికే మల్దకల్‌లో ఆమె తల్లిని సాగనంపడం అయిపోయింది. ఆ పెద్దలు మళ్లీ ఎన్నడూ రాలేదు. కేంద్రం కట్టిందీ లేదు. దేనికోసం ఇదంతా చేశానో అది కూడా దక్కలేదు. దక్కి ఉంటే మాత్రం తప్పు తగ్గేదా?

గద్వాలలో బస్సు దిగి వీధిలోకి వస్తుంటే ఇరుగుపొరుగు వాళ్లు ఆమెకు చెప్పారు. మూట అక్కడే పడేసి మల్దకల్‌కు పోయింది. తిమ్మప్ప వాకిట్లోనే నిలబెట్టి, అమ్మ పిలిస్తే రానన్నదానివి ఇప్పుడెందుకొచ్చినవని అడిగాడట. దినాలు అయ్యాక ఆమె మా ఇంటికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. అరుగు మీద కూర్చుంది. నా భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది.

"అన్నా, మా అన్న నీకు ఫోన్ చేసిండంట. నేను రానన్ననంట. చేసిండా?"

ఇదే నాకు దొరికిన రెండో అవకాశం. కాళ్లు పట్టుకుని చెప్పాల్సిన సమయం. ఆమె నా ముఖంలోకి సూటిగా చూస్తోంది. ఆ చూపులో అనుమానం ఉంటే చెప్పేవాణ్నేమో. ఏ అనుమానమూ లేదు.

"లేదమ్మా. ఏ ఫోన్ రాలేదు" అన్నాను.

ఆమె తల ఊపింది. నమ్మింది. బౌద్ధానికి పోయానని మనసులో పెట్టుకుని అన్న ఇలా చేశాడని, కావాలనే కబురు చేయకుండా మళ్లీ తన మీదే నింద వేశాడని అంది. ఒక కడుపున పుట్టినవాడి మాట కాదని నా మాట నమ్మింది. మళ్లీ మల్దకల్ పోలేదు. అబద్ధమాడేవాడితో నాకేం మాట అనేది. బతుకమ్మ పండుగకు తిమ్మప్ప పిలవలేదు, ఈమె పోలేదు. తల్లి చావుకు రాని ఆడబిడ్డ అని అటు వాళ్లు అన్నారు, తల్లి చావు దాచిన అన్న అని ఇటు ఈమె అంది. ఇద్దరి దగ్గరా ఉన్నది నేను చెప్పిన అబద్ధమే.

ఆదివారాలు మాత్రం మానలేదు. నిజానికి అంతకుముందు కంటే ఎక్కువగా రావడం మొదలుపెట్టింది. నాలుగో శీలం, అబద్ధమాడనని చెప్పుకునే మాట, అందరితోపాటు నేనూ చెప్పేవాణ్ని. మొదట్లో ఆ మాట దగ్గర పెదాలు మాత్రం కదిపేవాణ్ని. తర్వాత తర్వాత గొంతు కూడా వచ్చేసింది. అలవాటు పడ్డాను. అన్నిటికంటే నాకు భయం వేసేది అక్కడే.

ఒకసారి గద్వాల బస్టాండులో తిమ్మప్ప కనిపించాడు. నన్ను చూసి దగ్గరకు వచ్చాడు. నమస్తే పెట్టాడు. మా చెల్లె మంచిగున్నదా సారూ అని అడిగాడు. బాగుందన్నాను. ఇంకేదో అడగబోయి ఆగి, బస్సు వస్తే ఎక్కిపోయాడు. ఆయన బస్సు ఎక్కేదాకా నోరు తెరవడానికి నాకు బోలెడు సమయం ఉంది.

అనసూయ కూతురి పెళ్లి కుదిరింది. బుద్ధుడి మాట వింటున్నా ఇంటి ఆచారం ఇంటిదే, అందులోనూ మగపిల్లవాడి తరఫు వాళ్లు అన్నీ పద్ధతి ప్రకారం జరగాలన్నారు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకుని మండపానికి తేవాలి. తిమ్మప్పకు శుభలేఖ పంపమని నేనే అన్నాను. పంపనంది. తల్లి ముఖం చూడనియ్యనివాడు నా బిడ్డను ఎత్తుకునేదేంది అంది. నువ్వే ఎత్తుకోవాలి అన్నా అంది. నేను కాదనలేదు. కాదనాలంటే ఎందుకో చెప్పాలి కదా. ఆ పిల్ల గంపలో కూర్చుని, పడిపోతానేమోనని నా భుజం గట్టిగా పట్టుకుంది. ఒకవైపు నేను, ఒకవైపు అనసూయ వాళ్ల బంధువొకాయన. బాజాలు మోగుతున్నాయి. తిమ్మప్ప నడవాల్సిన నాలుగడుగులు నేను నడిచాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. సొంత మేనమామ కూడా ఇలా చేయడన్నారు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ఉపవాసమని చెప్పాను. అదీ అబద్ధమే.

గురువుగారు పోయారు. ఇప్పుడు పైగదిలో సుత్తాలు చెప్పేది నేనే. నవ్వకండి. చెప్పేవాళ్లు లేక నేను చెప్పాల్సి వచ్చింది. ఈ కాలంలో, బుద్ధుడికి ఇంత దూరంలో, ఉద్యోగాలు, సెల్‌ఫోన్ల మధ్య ధర్మాన్ని నిలబెట్టాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి అని నాకు నేను చెప్పుకుంటాను. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అది నేను చెప్పుకుంటున్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాదు.

పోయిన ఎండాకాలం తిమ్మప్ప పోయాడు. గుండె ఆగింది, దవాఖానకు కూడా చేరలేదు. కబురు తెలిసి అనసూయ మల్దకల్ పోయింది. దూరంగా నిలబడి చూసి వచ్చిందట. ఆ ఆదివారం సుత్తం అయ్యాక, అందరూ లేచిపోయాక, ఆమె ఆగింది.

"అన్నా, నాకు ఏడుపు రాలే. అందరు ఏడుస్తుండ్రు, నాకు ఒక్క చుక్క గూడ రాలే. మనసు రాయి లెక్క నిమ్మలంగ ఉండె. నువ్వు చెప్తవే, ఉపేక్ష అని. గదేనా ఇది?"

ఉపేక్ష అంటే సుఖదుఃఖాలకు చలించని సమబుద్ధి. ఎన్నో ఏళ్లు కూర్చుంటే గానీ రాదని నేనే చెప్పాను. అది వచ్చిందేమోనని ఆమె అడుగుతోంది, కొంచెం ఆశగా. సొంత అన్న శవం ముందు ఆమె గుండె ఎండిపోతే, దానికి బుద్ధుడి పేరు పెట్టాలా అని నన్నే అడుగుతోంది. అవునంటే ధర్మాన్ని కూడా అబద్ధం చేసినవాణ్నవుతాను. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత పోయి చెప్పాను. పొద్దున పూట. ఆమె మగ్గం గుంటలో కూర్చుని ఉంది. నేను వాకిట్లో స్టూలు మీద కూర్చుని, వచ్చిన ఫోను, నేను చెప్పిన జవాబు, తర్వాత ఆమెకు చెప్పిన అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను. సంజాయిషీలు కొన్ని తయారు చేసుకుని పోయాను. ఒక్కటీ నోటికి రాలేదు. చెబుతున్నంతసేపూ ఆమె అడ్డు తగల్లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"ఏ యాళ్ల చేసిండు ఫోను?" అని అడిగింది.

భోజనాల గంటకు ముందు అన్నాను. నేను తలుపు సందులోంచి చూశాననీ చెప్పాను. ఆమె గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్లు చిన్నవి చేసింది.

"ఆ పొద్దు నాకు మంచిగ కుదిరింది అన్నా" అంది. "పది దినాలల్ల ఆ ఒక్క పొద్దే. ఎంత నిమ్మలంగ ఉండెనో. ఇన్నేండ్లు కూసున్నప్పుడల్లా దాన్నే యాదికి తెచ్చుకుంటున్న."

గుంటలోంచి లేచి, నన్ను దాటుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను ఆ వాకిట్లో కాసేపు నిలబడి ఇంటికి వచ్చాను. తర్వాత ఆదివారాలు ఆమె రావడం మానేసింది. మల్దకల్ పోయి వదిన దగ్గర కూర్చుని వస్తోందని వీధిలో అంటున్నారు. అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలియదు. అన్న బతికుండగా చెప్పి ఉంటే అన్న దగ్గరే కూర్చునేది. పైగదిలో సుత్తం చెప్పడం నేనూ ఆపేశాను. ఒంట్లో బాగాలేదని మళ్లీ అనకుండా, నేను తగనని మాత్రం చెప్పాను. ఎందుకని వాళ్లు అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేముందు మీకు చెబుతున్నాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సినవాళ్లలో ఇద్దరు లేరు, మూడో మనిషి తలుపు వేసుకుంది. ఇంకొక్క నిజం మిగిలింది, అది కూడా రాసేస్తాను, రాయడానికి సిగ్గుగా ఉన్నా సరే. ఆమెకు చెప్పి వచ్చిన రోజు నుంచి నాకు నిద్ర పడుతోంది. తెల్లవారేదాకా, మెలకువ రాకుండా, హాయిగా పడుతోంది. ఆమెకు పడుతోందా లేదా అని అడిగే ముఖం నాకు లేదు.